ఆగిన బొమ్మలు, ఎదిగే మనుషులు

1996లో జపాన్ టీవీలో వచ్చిన 'నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్' 22వ భాగంలో ఒక లిఫ్టు సీను ఉంటుంది. ఆసుకా, రే అని ఇద్దరు పద్నాలుగేళ్ల అమ్మాయిలు. ఇద్దరికీ పడదు. లిఫ్టులో ఎడమొహం పెడమొహంగా నిలబడి ఉంటారు. మాట లేదు, సంగీతం లేదు. లిఫ్టు నడుస్తున్న రొద ఒక్కటే వినిపిస్తూ ఉంటుంది. అలా దాదాపు నిమిషం పాటు తెర మీద బొమ్మ ఇంచుమించు కదలదు. పది సెకన్లు గడిచేసరికి చూసేవాళ్లకి ఇబ్బంది మొదలవుతుంది. ఇరవై దాటాక ఆ ఇబ్బంది ఆసుకాదేనని అర్థమవుతుంది. అందరికంటే ముందుండాలన్న పంతం, వెనకబడిపోతున్నానేమోనన్న భయం, పక్కనున్న పిల్ల నిబ్బరం చూసి ఒళ్లు మండటం, ఇవన్నీ ఒక్క డైలాగు లేకుండానే మనకు తెలిసిపోతాయి. ఆఖర్న రే నోరు విప్పుతుంది. ఆసుకా భగ్గుమంటుంది. ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పటికే మనం చూసేశాం.

యానిమేలో, అంటే జపాన్ యానిమేషన్‌లో, నిజంగా కథ ఉంటుందా, పాత్రలు ఎదుగుతాయా అని మన దగ్గర ఇప్పటికీ చాలామంది అడుగుతారు. అడిగేవాళ్లని తప్పుపట్టలేం. వాళ్ల కంట పడేవి పెద్ద పెద్ద కళ్లు, నీలం జుట్లు, గాల్లో ఎగురుతూ అరుచుకునే కుర్రాళ్లు. దాంతో పిల్లల కార్టూన్లని పక్కన పెట్టేస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనిషి లోపల జరిగే మార్పును చూపించడానికి యానిమే తనదైన పద్ధతిని కనిపెట్టుకుంది. బొమ్మను ఎక్కడ ఆపాలో తెలియడం, పాత్రకు కావలసినంత కాలం ఇవ్వడం ఆ పద్ధతికి ఆయువుపట్లు. మంచి యానిమేలో పాత్ర ఎదిగే తీరు ఏ గొప్ప నవలకూ తీసిపోదని నా నమ్మకం.

ఈ ఆపడం మొదట డబ్బుల్లేక పుట్టింది. ఒసాము తెజుకా 1963 జనవరి 1న ఫూజీ టీవీలో 'టెట్సువాన్ ఆటమ్' మొదలుపెట్టాడు. బయటి దేశాల్లో దాన్నే 'ఆస్ట్రో బాయ్' అన్నారు. వారం వారం అరగంట భాగం ఇవ్వాలి. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. డిస్నీ వాళ్ల పద్ధతిలో ఒక్కో బొమ్మ ఒకటో రెండో ఫ్రేములు మాత్రమే నిలుస్తుంది, కాబట్టి సెకనుకు 12 నుంచి 24 బొమ్మలు గీయాలి. తెజుకా బృందం ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల దాకా నిలిపింది. అంటే సెకనుకు ఎనిమిది. చాలాచోట్ల అవీ లేవు. పాత్ర మాట్లాడుతుంటే నోరొక్కటే ఆడుతుంది, మిగతా మొహమంతా అలాగే ఉంటుంది. బొమ్మను కదిలించే బదులు దాని మీద కెమెరాను జరుపుతారు. ఒకసారి గీసిన పరుగును దాచిపెట్టి మరో భాగంలో వాడుకుంటారు. ఆ దాచుకునే పద్ధతికి 'బ్యాంక్' అని పేరు. టీవీవాళ్లకి తయారీ ఖర్చు కన్నా తక్కువకే అమ్మాడు కాబట్టి తెజుకాకు వేరే దారి లేదు. అలా 1966 దాకా 193 భాగాలు నడిచాయి.

ఇంత తక్కువ కదలికతో కథ చెబితే జపాన్ ప్రేక్షకులు ఎందుకు ఒప్పుకున్నారు? ఆగిన బొమ్మతో కథ వినడం వాళ్లకి కొత్త కాదు. 1930లలో అక్కడి వీధుల్లో కామిషిబాయి ఆట జోరుగా సాగేది. కథకుడు సైకిలు మీద చిన్న చెక్క చట్రం కట్టుకుని వస్తాడు. చుట్టూ చేరిన పిల్లలకి మిఠాయి అమ్ముతాడు. తర్వాత చట్రంలోంచి ఒక్కో బొమ్మ అట్టను తీస్తూ, గొంతు మారుస్తూ కథ నడుపుతాడు. మన చేర్యాల పటం ముందు నిలబడి కులపురాణం చెప్పే కథకుణ్ణి చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బొమ్మ ఉన్నచోటే ఉంటుంది, గొంతు దాన్ని నడిపిస్తుంది. తర్వాత మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు, వచ్చి పేజీ మీద గడుల్లో కాలాన్ని సాగదీయడం, కుదించడం నేర్పింది. టీవీ యానిమే ఈ రెంటి నుంచీ అందుకుంది.

లేమి కాస్తా కళగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1970లో బాక్సింగ్ కథ 'అషితా నో జో' తీసిన ఒసాము దెజాకి ఆ తర్వాతి ఏళ్లలో ఒక పద్ధతిని తన సంతకంగా చేసుకున్నాడు. భావం పతాక స్థాయికి చేరిన క్షణంలో కదలిక ఠక్కున ఆగిపోతుంది. మామూలు గీతల బొమ్మ పోయి, దాని స్థానంలో చేత్తో రంగులు పులిమిన చిత్రం నిలుస్తుంది. అభిమానులు దీన్ని 'పోస్ట్‌కార్డ్ మెమరీ' అంటారు. దెబ్బ తిన్న మొహమో, వెనక్కి తిరిగి చూసిన చూపో అలా చిత్రమై ఆగినప్పుడు, ఈ క్షణాన్ని ఆ పాత్ర బతికినంత కాలం మరిచిపోదని మనకు తెలుస్తుంది. నటుడు కళ్లతో చేసే పనిని ఇక్కడ బొమ్మ ఆగి చేస్తుంది.

ఆపడం ఒకవైపు. రోజువారీ పనులతో మనిషిని చూపించడం రెండోవైపు. దీనికి పెద్దదిక్కు ఇసావో తకహతా. 1974లో ఆయన స్విట్జర్లాండ్ కొండల నేపథ్యంలో సాగే 'హైదీ'ని 52 భాగాల టీవీ సిరీస్‌గా తీశాడు. దృశ్యాల అమరిక హయావో మియాజాకి చూసుకున్నాడు. ముందుగా బృందంలోని ముఖ్యులు స్విట్జర్లాండ్ వెళ్లి ఆ కొండల్ని, గుడిసెల్ని చూసి వచ్చారు. అప్పట్లో టీవీ బొమ్మల కథలంటే రోబోలు, పోరాటాలు. తకహతా మాత్రం ఓ ముసలాయన జున్నుముక్కను నిప్పు సెగ మీద కరిగించి రొట్టె మీద వేసి మనవరాలికి పెట్టడం చూపించాడు. గడ్డి పరుపు సర్దుకోవడం, మేకల పాలు పితకడం చూపించాడు. మనుషుల మీద విరక్తి పుట్టి కొండెక్కి కూర్చున్న ఆ తాత మనసు కరుగుతోందని ఎవరూ నోటితో చెప్పరు. ఆ జున్ను పెట్టే చెయ్యి చెబుతుంది. ఏడాది పొడవునా వారానికి కాస్త చొప్పున మారిన మనిషి మార్పును మనం నమ్ముతాం.

తకహతా 1988లో తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' దగ్గర కొంచెం ఆగాలి. అకియుకి నొసాకా 1967లో రాసిన కథ దానికి మూలం. రెండో ప్రపంచ యుద్ధం చివర కోబే నగరం మీద బాంబులు పడతాయి. తల్లిని పోగొట్టుకున్న పద్నాలుగేళ్ల సెయిటా, నాలుగేళ్ల చెల్లెలు సెట్సుకో మిగులుతారు. సినిమా మొదట్లోనే సన్నోమియా స్టేషన్‌లో సెయిటా చనిపోతాడు. ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠను దర్శకుడు తన చేతులారా తీసేశాడు. ఇక మనకు మిగిలింది ఆ పిల్లవాణ్ణి గమనించడమే.

గమనిస్తే బాధ కలిగించే సంగతి ఒకటి కనిపిస్తుంది. సెయిటా మంచివాడు, చెల్లెలంటే ప్రాణం, కానీ అభిమానం ఎక్కువ. బంధువులావిడ సూటిపోటి మాటలు పడలేక, చెల్లెల్ని తీసుకుని చెరువు పక్కనున్న పాడుబడ్డ బాంబు షెల్టర్‌లోకి వెళ్లిపోతాడు. ఆ నిర్ణయమే చెల్లెల్ని ఆకలికి అప్పగిస్తుంది. సినిమా అతణ్ణి తిట్టదు, వెనకేసుకునీ రాదు. దీన్ని యుద్ధ వ్యతిరేక చిత్రం అన్నప్పుడల్లా తకహతా కాదనేవాడు. తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా మీద జరిగిన వైమానిక దాడిలో నిప్పుల మధ్య పరిగెత్తి బతికి బయటపడ్డ మనిషి ఆయన. లోకం నుంచి తెగిపోయి ఇద్దరమే బతికేద్దామనుకున్న ఒక కుర్రాడి కథగా ఆయన దాన్ని చూశాడు. ఖాళీ అయిన పిప్పరమెంట్ల డబ్బాలో నీళ్లు పోసి, అడుగున అంటుకున్న తీపిని కలిపి సెయిటా చెల్లెలికి తాగిస్తాడు. పిల్ల మొహం వెలిగిపోతుంది. ఆ డబ్బా తర్వాత దేనికి పనికొస్తుందో సినిమా మొదట్లోనే చూసి ఉన్నాం కాబట్టి ఆ వెలుగును చూడలేక తల తిప్పుకుంటాం. సెట్సుకోకు గొంతు ఇచ్చింది నిజంగానే చిన్నపిల్ల. జపాన్‌లో సాధారణంగా బొమ్మలు అయ్యాక గొంతు కలుపుతారు. ఇక్కడ మాత్రం ఆ పాప మాటలు ముందు రికార్డు చేసి, వాటికి తగ్గట్టు బొమ్మలు గీశారు. ఆ ముద్దుమాటలు, ఆ మారాం అంత సహజంగా ఉండటానికి కారణం అదే.

ఇక కాలం సంగతి. యానిమేలో ఎక్కువ భాగం వారపత్రికల్లో, మాసపత్రికల్లో ఏళ్ల తరబడి సాగే మాంగా నుంచి వస్తుంది. కథకు తీరిక దొరకడం అందువల్లే. రోగం కూడా అక్కడిదే. టీవీ సిరీస్ మాంగాను అందుకునేసరికి ముందుకు పోవడానికి కథ ఉండదు. అప్పుడు ఉన్నదాన్ని సాగదీస్తారు. 'డ్రాగన్ బాల్ జీ'లో ఐదు నిమిషాల్లో గ్రహం పేలిపోతుందని చెప్పాక ఆ ఐదు నిమిషాలు అనేక భాగాల పాటు సాగడం ఇందుకే. కథతో సంబంధం లేని భాగాలు మధ్యలో ఇరికించడమూ ఇందుకే. ఇలాంటివి చూసి విసుగెత్తి యానిమేకే దణ్ణం పెట్టినవాళ్లు నాకు తెలుసు. ఈమధ్య చాలావరకు ఏడాది పొడవునా నడపడం మానేసి, పన్నెండో ఇరవైనాలుగో భాగాల చొప్పున తీసి, మాంగా ముందుకు సాగాక మళ్లీ మొదలుపెడుతున్నారు. దానివల్ల మేలే జరిగింది.

తీరికను ఎలా వాడుకోవాలో చూపించిన సిరీస్ ఒకటి చెప్పమంటే నేను 'విన్‌లాండ్ సాగా' పేరు చెబుతాను. మకోతో యుకిమురా మాంగా ఆధారంగా మొదటి సీజన్ 2019లో, రెండోది 2023లో వచ్చాయి. ఒక్కొక్కటి 24 భాగాలు. కథ 11వ శతాబ్దపు వైకింగులది. థోర్‌ఫిన్ ఐస్‌లాండ్ పిల్లవాడు. యుద్ధం విడిచిపెట్టి వచ్చి ప్రశాంతంగా బతుకుతున్న తండ్రి థోర్స్‌ను ఆస్కెలాడ్ అనే దోపిడీ నాయకుడు కపటంతో చంపిస్తాడు. పగ తీర్చుకోవాలని పిల్లవాడు అదే ముఠాలో చేరతాడు. ఆస్కెలాడ్‌తో ద్వంద్వ యుద్ధం చేసే అవకాశం కోసం అతను చెప్పిన పనల్లా చేస్తాడు, చెప్పిన వాళ్లనల్లా చంపుతాడు. పదకొండేళ్లు అలాగే గడిచిపోతాయి. మొదటి సీజన్ చివర ఆస్కెలాడ్ చనిపోతాడు, కానీ థోర్‌ఫిన్ చేతిలో కాదు. యువరాజు క్నూట్ పొడుస్తాడు. పగ తీరలేదు, పగ పట్టడానికి మనిషీ లేడు. థోర్‌ఫిన్ చేతిలోంచి బాకు జారిపోతుంది.

వేరే ఎవరైనా అయితే ఇక్కడ మరో శత్రువును తెచ్చి నిలబెడతారు. యుకిమురా తన కథానాయకుణ్ణి పొలానికి పంపాడు. రెండో సీజన్‌లో థోర్‌ఫిన్ డెన్మార్క్‌లో కెటిల్ అనే భూస్వామి దగ్గర బానిస. యుద్ధంలో ఊరిని, తల్లిని, చెల్లెల్ని పోగొట్టుకున్న ఐనార్ అతనికి తోడు. ఇద్దరూ కలిసి అడవి కొట్టి, మొద్దులు పెళ్లగించి, నేల దున్ని, పండిన గోధుమల డబ్బుతో తమ స్వేచ్ఛను కొనుక్కోవాలి. యుద్ధం చూద్దామని కూర్చున్న ప్రేక్షకులకి భాగం తర్వాత భాగం మొద్దులు పెకలించడం చూపించారు. అరువు తెచ్చుకున్న గుర్రం, దానికి బదులుగా ఆ గుర్రమిచ్చిన ముసలాయన ఇంట్లో చాకిరీ. మట్టిలోంచి మొదటి మొలకలు పైకి వచ్చిన రోజు ఇద్దరూ నిలబడి చూస్తారు. సేద్యం తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్లెవరికైనా ఆ చూపు కొత్తగా ఉండదు.

థోర్‌ఫిన్‌లో మార్పు ఎలా వస్తుందో చూడండి. మొదట్లో అతను రాత్రిళ్లు కేకలు పెట్టి లేస్తాడు, లేచాక కల గుర్తుండదు. బతకడం ఎందుకో తెలియదు, చావాలనీ ఉండదు. కళ్లు ఖాళీగా ఉంటాయి. బొమ్మలు గీసేవాళ్లు ఆ కళ్లలో వెలుగు చుక్కను తీసేశారు. ఐనార్ కథ విన్నాక, ఇలాంటి ఊళ్లు తానెన్ని తగలబెట్టాడో అతనికి మెల్లగా తెలిసివస్తుంది. ఒక భాగంలో ఆ కల మొత్తం మన ముందుకు వస్తుంది. చచ్చిపోయిన యోధులు ఎప్పటికీ ఒకరినొకరు నరుక్కుంటూనే ఉండే లోకం. అతను చంపినవాళ్లంతా శవాలై అతని కాళ్లకు వేలాడుతుంటారు. వాళ్లలోనే ఉన్న ఆస్కెలాడ్, వీళ్లందర్నీ మోస్తూనే పైకి ఎక్కమంటాడు. తండ్రిని చంపినవాడి నోటితో ఆ హితవు చెప్పించడం మామూలు రచయితకు తట్టే ఆలోచన కాదు. మొదటి సీజన్‌లో ఆస్కెలాడ్‌ను మోసగాడిగా, గురువుగా, గాయపడ్డ కొడుకుగా అన్ని కోణాల్లో చూపించారు కాబట్టే ఇది కుదిరింది.

చివర్లో రాజైన క్నూట్ సైన్యంతో పొలం మీదికి వస్తాడు. రాజుతో మాట్లాడాలంటే తన దెబ్బలు వంద తట్టుకోమని ఒక సైనికుడు పందెం పెడతాడు. ఒకప్పుడు రెండు బాకులతో గుంపుల్ని చీల్చిన థోర్‌ఫిన్ చేతులెత్తకుండా నిలబడతాడు. మొహం వాచిపోతుంది, పడతాడు, లేస్తాడు. ఎందుకు తిరగబడవని అడిగితే తనకు శత్రువులెవరూ లేరంటాడు. చిన్నప్పుడు తండ్రి అదే చెప్పాడు, అప్పుడు ఆ పిల్లవాడికి అర్థం కాలేదు. ఆ జవాబుకు సిరీస్ నలభై ఐదు భాగాల పైచిలుకు ఖర్చు పెట్టింది. రెండు గంటల సినిమాలో చెప్పిస్తే అది నీతివాక్యంగా మిగిలిపోయేది. ఇక్కడ అది ఒక మనిషి సంపాదించుకున్న మాట అయింది.

సాగదీయకుండా, రెండు గంటల్లో ఇదే పని చేసిన సినిమా నవోకో యమాదా 2016లో క్యోటో యానిమేషన్ సంస్థలో తీసిన 'ఎ సైలెంట్ వాయిస్'. యోషితోకి ఓయిమా మాంగా దానికి ఆధారం. ఒగాకి పట్టణంలో ఆరో తరగతికి షోకో అనే వినపడని అమ్మాయి కొత్తగా వస్తుంది. షోయా అనే కుర్రాడు ఆమెను ఏడిపిస్తాడు, చెవి యంత్రాలు లాక్కుని పాడుచేస్తాడు. ఆమె బడి మారిపోయాక తరగతి మొత్తం తప్పంతా షోయాదేనని అతణ్ణి వెలివేస్తుంది. హైస్కూలుకొచ్చేసరికి అతను ఎవరి మొహంలోకీ చూడలేని మనిషి. ఆ స్థితిని చూపించడానికి తెర మీద చుట్టూ ఉన్న వాళ్లందరి మొహాల మీదా పెద్ద ఇంటూ గుర్తులు అతికించారు. ఎవరైనా దగ్గరైతే ఆ గుర్తు ఊడి కిందపడుతుంది. దూరమైతే మళ్లీ అతుక్కుంటుంది. నటులతో తీసే సినిమాలో ఇది ఎబ్బెట్టుగా ఉంటుంది. బొమ్మల్లో ఇది అతని చూపుగా మారిపోతుంది.

యమాదా కెమెరా మొహాల కంటే కాళ్ల మీద, చేతుల మీద ఎక్కువ నిలుస్తుంది. తల ఎత్తలేని కుర్రాడికి కనిపించేవి కాళ్లే కదా. సైగల భాషలో మాట్లాడే అమ్మాయికి గొంతు చేతుల్లోనే ఉంది కదా. షోయా సైగలు నేర్చుకుని మొదటిసారి ఆమె ముందు చేతులు కదిపినప్పుడు అతని వేళ్లు తడబడతాయి. ఆ తడబాటు గీయడానికి చాలా ఓపిక కావాలి. సంగీతం చేసిన కెన్సుకె ఉషియో పియానో లోపల మైకులు పెట్టి, మెట్లు నొక్కినప్పుడు లోపలి భాగాలు కదిలే చప్పుడును కూడా స్వరంతో పాటు రికార్డు చేశాడు. వినికిడి గురించిన సినిమాలో సంగీతం వెనకున్న ఆ గరగర ఒంటికి తగిలినట్టు ఉంటుంది. చివర బడి పండుగ రోజు షోయా చెవుల మీంచి చేతులు తీసి తల ఎత్తుతాడు. ఇంటూ గుర్తులన్నీ రాలిపోతాయి. అంతసేపూ మూసుకుపోయిన రొద ఒక్కసారిగా లోపలికి వస్తుంది. అతను ఏడుస్తాడు. ఎవరూ అతణ్ణి క్షమించామని ప్రకటించరు. మనుషుల మధ్య నిలబడగలిగాడు, అంతే. అది చాలు.

2023లో వచ్చిన 'ఫ్రీరెన్' ఇంకో తమాషా చేసింది. రాక్షసరాజును చంపి వీరులు తిరిగొచ్చాక, అంటే మామూలు కథలు ముగిసే చోట, ఇది మొదలవుతుంది. ఫ్రీరెన్ వెయ్యేళ్లకు పైగా బతికిన మంత్రగత్తె. హిమ్మెల్ అనే వీరుడితో కలిసి తిరిగిన పదేళ్లు ఆమెకు లెక్కలోకి రావు. యాభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి అతను ముసలివాడై ఉంటాడు, కొన్నాళ్లకే పోతాడు. అంత్యక్రియల దగ్గర, ఇతని గురించి నేనేమీ తెలుసుకోలేదే అని ఆమె ఏడుస్తుంది. అక్కణ్ణుంచి ఆమె చేసే ప్రయాణంలో హిమ్మెల్ చిన్న చిన్న జ్ఞాపకాలుగా వస్తూ ఉంటాడు. వీధి అంగట్లో ఆమె యథాలాపంగా ఎంచుకున్న ఉంగరాన్ని అతను మోకాలి మీద కూర్చుని ఆమె వేలికి తొడిగాడు. ఉంగరం మీదున్న పువ్వు శాశ్వత ప్రేమకు గుర్తని ఆమెకు అప్పట్లో తెలియదు. మనకు తెలిసేసరికి హిమ్మెల్ లేడు. చనిపోయిన పాత్ర భాగభాగానికీ ఎదుగుతూ పోవడం నేను ఇంకెక్కడా ఇంత చక్కగా చూడలేదు.

కాలాన్ని ఇలా వెనక్కీ ముందుకూ నడపడంలో సతోషి కోన్‌ను మించినవాడు లేడు. 'మిలీనియం యాక్ట్రెస్'లో వృద్ధ నటి తన జీవితం చెబుతూంటే ఆమె పరుగు గుర్రం మీద మొదలై, రిక్షాలోకి, సైకిలు మీదికి మారిపోతుంది. ఏది సినిమానో ఏది బతుకో విడదీయలేం. ఆయన 2010లో 46 ఏళ్లకే పోయాడు. తీసింది నాలుగు సినిమాలే.

తెలుగువాళ్లకి యానిమే పరిచయం మనం అనుకునే దానికన్నా పాతది. 1993లో దూరదర్శన్‌లో హిందీలో వచ్చిన 'జంగిల్ బుక్' జపాన్‌లో తయారైన 52 భాగాల సిరీస్. గుల్జార్ పాటతో సహా దాన్ని కంఠతా పెట్టిన తరం మన ఊళ్లలో ఉంది. చాలామందికి అది జపాన్‌దని తెలియదు. యుగో సాకో జపాన్ నుంచి వచ్చి, మన యానిమేషన్ పెద్ద రామ్ మోహన్‌తో కలిసి తీసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామా' 2025 జనవరిలో తెలుగు గొంతులతో థియేటర్లకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్' కూడా తెలుగులో విడుదలైంది.

ఈ చివరి సినిమా నా వాదనకు మంచి పరీక్ష. కత్తి యుద్ధాలే ప్రధానం, అరుపులూ ఉన్నాయి. పోరాటం మంచి పట్టులో ఉండగా దాన్ని ఆపేసి, అకాజా అనే రాక్షసుడి గతాన్ని చాలాసేపు చెబుతారు. వేగం దెబ్బతిందని కొందరికి కోపం వచ్చింది. నాకైతే సినిమాకి ప్రాణం అక్కడే ఉందనిపించింది. జబ్బుపడ్డ తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన పిల్లవాడు, తనను చేరదీసిన గురువును, పెళ్లాడబోయే అమ్మాయిని విషప్రయోగంలో పోగొట్టుకుని రాక్షసుడయ్యాడు. తల తెగినా పోరాడుతున్న ఆ శరీరం, ఇదంతా గుర్తొచ్చాక తన దెబ్బను తనమీదే వేసుకుంటుంది. హీరో గెలుపు కన్నా ప్రతినాయకుడి జ్ఞాపకం కథను ముగించింది. ఆ ఆపడం లేకపోతే అది ఉత్త కొట్లాటే.

లోపాలు చెప్పకుండా పొగిడితే యానిమేకు మేలు చేసినట్టు కాదు. ఆడపిల్లల శరీరాల్ని అనవసరంగా చూపించే సిరీస్‌లు బోలెడన్ని, వాటిలో చిన్న వయసు పాత్రలు ఉండటం మరీ రోత. ఒకే మూసలో పోసిన పాత్రలు ప్రతి సీజన్‌లోనూ దిగుతాయి. గీసేవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. చాలా స్టూడియోల్లో ముఖ్య భంగిమల మధ్య వచ్చే బొమ్మలు గీసేవాళ్లకి బొమ్మకింత అని కట్టి ఇస్తారు, ఆ డబ్బుతో టోక్యోలో బతకడం కష్టం. క్యోటో యానిమేషన్ జీతాలిచ్చి, సంస్థలోనే తర్ఫీదు ఇచ్చి మనుషుల్ని నిలుపుకుంది కాబట్టే తడబడే ఆ వేళ్లను గీయగల చేతులు అక్కడ తయారయ్యాయి. 2019 జులై 18న ఒక దుండగుడు ఆ స్టూడియోకు నిప్పు పెట్టాడు. 36 మంది చనిపోయారు. వాళ్లతో పాటు ఏళ్ల అభ్యాసం పోయింది. సంస్థ మాత్రం మళ్లీ లేచి నిలబడి పనిచేస్తోంది.

కొత్తగా చూద్దామనుకునేవాళ్లు 'ఎ సైలెంట్ వాయిస్'తో మొదలుపెడితే మంచిది. రెండు గంటల్లో అయిపోతుంది, ముందు ఏమీ తెలిసి ఉండక్కర్లేదు. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు. మనసు గట్టిగా ఉన్న రోజు చూడండి. 'విన్‌లాండ్ సాగా' మొదటి సీజన్‌లో నెత్తురు ఎక్కువ, అయినా దాన్ని దాటేసి రెండో దానికి వెళ్లకండి. ఆ చంపడాలన్నీ చూసినవాళ్లకే పొలంలో థోర్‌ఫిన్ ఒక్కో మొద్దును పెళ్లగిస్తూ ఏం చేస్తున్నాడో తెలుస్తుంది.